మూడు కార్డులు మింగిన గుంత

మూడోసారి కూడా సీపీయూను గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు దేవదాస్. కరీంనగర్‌లో టవర్ సర్కిల్ వెనక సందులో ఉంటుంది హుస్నా దుకాణం. బల్ల మీద సంచి దించి, చెమట కూడా తుడుచుకోకుండా అన్నాడు:

“మళ్ల సచ్చింది బిడ్డా.”

“గిదేంది కాకా! జూన్‌ల గద కార్డు ఏసిన?”

“ఏసినవ్. వానలు పడ్డన్ని రోజులు రాయి లెక్క నడిచింది. వానలు బందైనయ్, దీని నక్రాలు షురువైనయ్. నడుసుకుంట నడుసుకుంటనే బందైతది, దానంతటదే మళ్ల లేస్తది. నిన్న పొద్దుగాల టప్పుమన్నది. ఫ్యాను తిరుగుతుంది, లైటు ఎలుగుతుంది, తెర మీద బొమ్మ రాదు.”

“దిష్టి తగిలిందంటరు ఇగ మీ ఊరోళ్లు.”

“అంటలేరా? నిమ్మకాయ గూడ కట్టిన్రు.”

సంచి విప్పితే నిజంగానే సీపీయూ వెనక ఎండిన నిమ్మకాయ, దానికి తోడు రెండు మిరపకాయలు. హుస్నా నవ్వింది. దేవదాస్ నవ్వలేదు.

నవ్వే పరిస్థితి కాదు అతనిది. సుల్తానాబాద్ అవతల ఒక నేత ఊళ్లో, ఓంప్రకాశ్ అనే ఆసామి కార్ఖానాలో చీరల డిజైన్లు గీస్తాడు. పన్నెండు సాంచాలు ఆ కార్ఖానాలో. మరమగ్గాన్ని అక్కడ సాంచా అనే అంటారు. కొంగు మీద నెమలి రావాలన్నా, అంచులో గోపురం రావాలన్నా ముందు ఈ డబ్బాలో పుట్టాలి. పదమూడేళ్ల ముసలి డబ్బా. కొత్తది కొనుక్కోరాదా అంటే కుదరదు. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇందులో తప్ప నడవదు, అది అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. బొమ్మ చూపించే సొంత చిప్పు బోర్డు మీద ఏనాడో పోయింది కాబట్టి విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టాలి. ఆ కార్డే మేలో ఒకటి పోయింది, జూన్‌లో ఇంకొకటి పోయింది, ఇప్పుడు దసరాకు నాలుగు రోజుల ముందు మూడోది.

హుస్నాకు ముప్పై ఆరేళ్లు. ఏ కాలేజీలోనూ ఇది నేర్చుకోలేదు. తండ్రి ఫజలుద్దీన్, ఆమె పిలుపులో అబ్బా, మోటార్ వైండింగ్ చేసేవాడు, ఆయన పక్కన కూర్చుని నేర్చుకుంది. ఆయన కుడిచేతి రెండు వేళ్లను కరెంటు కాల్చి వంకర చేసింది. ఆ వంకర వేళ్లతోనే చూపించి చెప్పేవాడు: “కరెంటు వచ్చే తొవ్వ అందరు సూస్తరు. నువ్వు అది పోయే తొవ్వ సూడు. చెప్పులు మాత్రం ఇడువకు.” దుకాణంలో ఇప్పటికీ ఆమె రబ్బరు చెప్పులు తొడుక్కునే పని చేస్తుంది. గిరాకీలు వింతగా చూస్తారు. చూడనీ.

వైద్యం మొదలుపెట్టింది. పవర్ సప్లై పెట్టె విప్పి వోల్టేజీలు కొలిచింది, సరిగ్గానే ఉన్నాయి. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టింది. తన దగ్గరున్న పాత కార్డు గుచ్చింది. బొమ్మ వచ్చింది. రెండు రోజులు దించకుండా నడిపింది, బరువైన ప్రోగ్రాములు పెట్టి సతాయించింది, హీటరు పక్కన పెట్టి చూసింది. ఒక్కసారి కూడా ఆగలేదు. దుకాణంలో ఉన్నంతసేపు దానికి ఏ రోగమూ లేదు.

అప్పుడు చచ్చిపోయిన కార్డును భూతద్దం కింద పెట్టింది. కార్డు కాలితే కరెంటు లోపలికి వచ్చే వైపు కాలాలి, లేదంటే ఫ్యాను కింద చిప్పు ఉడికిపోవాలి. ఇది అట్లా కాలలేదు. మానిటర్ వైరు బిగించే ముక్కు దగ్గర, స్క్రూ చుట్టూ, సన్నని దారులన్నీ నల్లగా మాడాయి. పాత సామాన్ల డబ్బా బోర్లించి మొదటి రెండు కార్డులూ వెతికి తీసింది. వాటికీ ముక్కే కాలింది. సరిగ్గా అదే చోట.

మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది హుస్నా. కార్డుల్లోకి కరెంటు కంప్యూటర్ నుంచి రాలేదు. వైరు నుంచి వచ్చింది. రాకూడని తొవ్వన వచ్చింది. ఆ తొవ్వ ఎక్కడిది?

దేవదాస్‌కు ఫోన్ చేసింది. “కాకా, నువ్వు రాకు. డబ్బా నేనే పట్టుకొస్త. మీ జాగ జర సూడాలె.”

*

పండుగ ముందురోజు పొద్దున పదింటికల్లా స్కూటీ మీద చేరుకుంది. కార్ఖానా చప్పుడు ఊరి బయటికే వినిపిస్తోంది. వాడ మొత్తం కార్ఖానాలే, గోడకు గోడ ఆనించి. లోపల నూనె, నూలు ధూళి, చెవులు చిల్లులు పడే మోత. నేత పనివాళ్లందరికీ కాళ్లకు రబ్బరు చెప్పులు, కాళ్ల కింద చెక్క పలకలు. హుస్నా అది చూసి మెచ్చుకుంది కూడా.

డిజైన్ గది కార్ఖానాకూ ఓంప్రకాశ్ ఇంటికీ నడుమ ఉంది. ఓంప్రకాశ్ కూతురు కావ్య కుర్చీ తుడిచి వేసింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, సెలవుల్లో దేవదాస్ దగ్గర డిజైన్ నేర్చుకుంటోంది.

“అక్కా, జర సూస్కొని ముట్టు. జివ్వుమంటది.”

“ఏది?”

“సీపీయూ. సాంచాలు గూడ జివ్వుమంటయ్. కొత్తగ పనికొచ్చినోళ్లకు మావోళ్లు ఏం జెప్తరో ఎర్కనా? జివ్వుమన్నదంటే సాంచా నిన్ను పోల్చుకున్నట్టు అంటరు.”

“ఎంత మంచిగ జెప్తరు,” అంది హుస్నా. సీపీయూ ప్లగ్గు పెట్టి, చేతి వెనకవైపుతో డబ్బాను తాకింది. మోచేతి దాకా చీమలు పాకినట్టయింది. చెయ్యి తీసింది.

మానిటర్ వైరును కార్డు దగ్గరికి తెచ్చింది. ఇంకా తగలనే లేదు; ఇనుముకు ఇనుము వెంట్రుకవాసి దూరంలో ఉండగానే చిటుక్కుమని నీలం నిప్పు రవ్వ ఎగిరింది. కావ్య వెనక్కి జరిగింది. దేవదాస్ మాత్రం కదల్లేదు.

“గది రోజు అట్లనే అంటది బిడ్డా. నేను గుడ్డ పట్కొని పెడ్త.”

“ఇన్ని దినాలు నాకు జెప్పలేదేంది కాకా!”

“నువ్వు అడగలే.”

హుస్నా గోడల వంక చూసింది. రెండు గోడలకు రెండు స్విచ్ బోర్డులు. సీపీయూ ప్లగ్గు కార్ఖానా వైపు బోర్డులో ఉంది. ఈ ఎండాకాలం నుంచి అందులో రంధ్రం ఒకటే పనిచేస్తోంది కాబట్టి మానిటర్ ప్లగ్గును ఇంటి వైపు బోర్డులో పెట్టారు. రెండింటికీ రెండు మీటర్లు. ఇంటి లైను ఇంకో గల్లీ స్తంభం నుంచి వస్తుంది.

మల్టీమీటర్ తీసింది. ఒక కొన సీపీయూ డబ్బాకు, ఇంకో కొన మానిటర్ వెనక ఇనుముకు. “కావ్యా, అంకె సదువు.”

“అరవై నాలుగు... అరవై ఆరు.”

“ఆడ ఏమన్న నడుస్తుందా ఇప్పుడు, సాంచాలు గాక?”

“లైట్లు, ఫ్యాన్లు. కండెలకు నూలు చుట్టే మిషిన్ బంద్ ఉన్నది.”

“జర పెట్టుమను.”

కావ్య వెళ్లి చెప్పొచ్చింది. కండెల మిషను గుర్రుమంది. కావ్య అంకె చదవబోయి ఆగిపోయింది. “అక్కా... నూట పద్దెనిమిది.”

సున్నా ఉండాల్సిన చోట నూట పద్దెనిమిది. అంత తేడా ఉన్న రెండు లైన్ల నడుమ, వేలెడు వెడల్పు లేని ఆ కార్డు ముక్కు ఒక్కటే వంతెన. కాలక ఏం చేస్తుంది? నిమ్మకాయలు కాదు, గుమ్మడికాయలు కట్టినా కాలుతుంది.

హుస్నా కార్ఖానా బోర్డు వెనక నుంచి బయల్దేరిన పచ్చ తీగ వెంట నడిచింది. అది ఎర్తు తీగ. పన్నెండు సాంచాల ఇనుప కాళ్లనూ ముట్టుకుంటూ పోయి, వెనక తలుపు దాటి, పెరట్లో ఒక గుంతలోకి దిగింది. గుంత దగ్గర ఓంప్రకాశ్ తల్లి శంకరవ్వ బిందెతో నీళ్లు పోస్తోంది. డెబ్బై ఏళ్లు దాటాయి, ఇప్పటికీ కండెలు చుడుతుంది.

“ఎవలు బిడ్డా, కంప్యూటర్ పిల్లవా? రా. గీ గుంతకున్న దూప నా మనుమరాళ్లకు గూడ లేదు. పొద్దుగాల ఒక బిందె తాగేది. ఇప్పుడు ఐదు బిందెలు పోసినా సాల్తలేదు.”

నీళ్లు గుంతలోకి పోయినప్పుడు పొయ్యి మీద పెనం చల్లార్చినట్టు సన్నటి చప్పుడు వినిపించింది. పల్చటి ఆవిరి లేచింది. హుస్నా వంగి చూసింది. గుంత చుట్టూ తడి నేల మీద వానపాములు బయటికి వచ్చి ఎండలో పడి ఉన్నాయి. పదో పదిహేనో. కొన్ని ఇంకా మెలి తిరుగుతున్నాయి.

పెరడు నిండా కోళ్లున్నాయి. ఒక్కటీ ఇటు రావట్లేదు.

“అవ్వా, వెనక్కి జరుగు,” అంది హుస్నా.

*

ఓంప్రకాశ్‌ను పిలిపించింది. ఆయన చేతిలో రంగు కాగితాల తోరణాలున్నాయి, రేపటి పండుగ కోసం.

“అన్నా, కరెంటు ఒక తీగల వస్తది, ఇంకో తీగల ఎనక్కి పోతది. మీ కార్ఖాన లైట్లకు ఎనక్కి పోయే తీగ ఏది?”

“న్యూట్రలా? గది మూడేండ్ల కింద గాలిదుమారంల స్తంభం కాడ కాలిపోయింది. సిద్దిరాములు అని వైర్‌మన్ ఉండె. తాత్కాలికంగనని ఎర్తు గుంతకు కలిపిండు. వాడు భివండి పోయిండు, ఇగ అట్లనే నడుస్తుంది. ఈ వాడల అందరికి వాడే కలిపిండు.”

“మూడేండ్లు తాత్కాలికంగ!”

“సాంచాలకు న్యూట్రల్‌తోని పనే లేదమ్మా. లైట్లు ఎలుగుతున్నయ్, మిషిన్ తిరుగుతుంది. ఇంకేం గావాలె?”

ఇదీ అక్కడి లెక్క. పని నడిచినంతకాలం దాన్ని రోగం అనరు. స్తంభం దగ్గర తీగ సరిచేయమని ఒక్క ఆసామి అర్జీ పెట్టలేదు, ఒక్క పనివాడు అడగలేదు. నేల ఎండి గుంతకు కరెంటు మింగుడు పడకపోతే, అది ఎర్తు తీగ పట్టుకుని వెనక్కి ఎక్కి సాంచాల ఇనుములోకి వస్తుంది. చెయ్యి జివ్వుమంటుంది. దానికి ‘పోల్చుకున్నది’ అని పేరు పెట్టి, కాళ్ల కింద పలక వేసుకుని, గుంతకు ఇంకో బిందె పోస్తారు. ప్రాణం తీసే దానికి ముద్దుపేరు పెట్టుకోవడం ఈ దేశంలో పనిచేసేవాళ్లకు ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారు.

హుస్నా మొత్తం విప్పి చెప్పింది. ఓంప్రకాశ్ తోరణాల ముడి విప్పుకుంటూ విన్నాడు.

“పండుగైనంక మనిషిని పిలిపిస్త. ఫికర్ జెయ్యకు. మావోళ్లకు చెప్పులుంటయ్, పలకలుంటయ్. మూడేండ్లసంది ఎవ్వనికి ఏం గాలే. ముందుగాల నా కంప్యూటర్ సంగతి జెప్పు. దసరా ఎల్లంగనే ఆర్డర్ ఉన్నది.”

కంప్యూటర్ సంగతి తేలికే. సీపీయూనూ మానిటర్‌నూ రెండింటినీ ఇంటి వైపు బోర్డుకే కలిపింది. మీటర్ పెట్టి చూస్తే సున్నా. రవ్వ లేదు, జివ్వు లేదు. కార్డు గుచ్చింది, తెర మీద దేవదాస్ సగంలో వదిలేసిన నెమలి మెడ చాచి నిలబడింది. దేవదాస్ కళ్లు తుడుచుకున్నాడు. ఓంప్రకాశ్ నవ్వాడు. “చూసినవా? గింతే గద! బోర్డు మారిస్తె అయిపాయె.”

కావ్య మీటర్ అంకె ఫొటో తీసుకుంది, హుస్నాకు కూడా పంపించింది. శంకరవ్వ బలవంతాన సకినాలు పొట్లం కట్టి ఇచ్చింది. బయటికి వస్తుంటే పనివాళ్లు సాంచాల మీదుగా రంగు రంగుల సీరియల్ లైట్లు లాగుతున్నారు. “మైకు గూడ చెప్పినం అక్కా,” అన్నాడొకడు. అవి ఏ బోర్డు నుంచి లాగుతున్నారని హుస్నా అడగలేదు.

స్కూటీ మీద తిరిగొస్తూ లెక్క వేసుకుంది. పని బాగానే చేసింది. కానీ ఏం చేసింది? ఆ ఇంట్లో ప్రమాదాన్ని చూసి మొత్తుకుంటున్నది ఆ ముసలి డబ్బా ఒక్కటే. మూడు కార్డులు కాల్చుకుని మరీ మొత్తుకుంది. తను పోయి దాని నోరు మూసి వచ్చింది.

*

పండుగనాడు దుకాణం తెరవలేదు. ఇంట్లో పనులు చేసుకుంటుండగా పదకొండు దాటాక ఫోన్ మోగింది. దేవదాస్ ఫొటో పంపించాడు. మానిటర్‌కు కుంకుమ బొట్టు, సీపీయూ మీద బంతిపూల దండ, తెర మీద నెమలి. కింద గొంతు సందేశం. ఆమె నొక్కింది.

“హుస్నా బిడ్డా, నీ కంప్యూటర్‌కు గూడ పూజ జేసినం. పొద్దుగాల్నించి ఒక్కసారి గూడ బంద్ గాలే. నువ్వు సల్లగుండు. ఇప్పుడు సాంచాలకు పూజ. పూజ జేసే అయ్యగారు వస్తుండు. మొదటి సాంచాకు పెద్దవ్వ శంకరవ్వ చెయ్యి పెట్టి కండ్లకద్దుకున్నంకనే మేమందరం. గది మా కార్ఖాన ఆనవాయితీ.”

హుస్నా నవ్వుకుంటూ ఫొటోను వేళ్లతో పెద్దది చేసింది, ప్లగ్గులు ఇంటి వైపు బోర్డులోనే ఉన్నాయో లేదో చూద్దామని. డబ్బా వెనక తలుపు తెరిచి ఉంది. తలుపు అవతల కార్ఖానా. కడిగిన నేల మెరుస్తోంది. పలకలన్నీ తీసి గోడకు ఆనించారు. సాంచాల మీద లైట్లు ఎర్రగా పచ్చగా వెలుగుతున్నాయి. ఫొటో మూలకు, గడప దగ్గర, ఒక కుప్ప.

చెప్పుల కుప్ప.

ఆమె లేచి నిలబడింది.

ఏడాదంతా చెప్పులు తొడుక్కుని, పలకల మీద నిలబడి నేస్తారు. ఈ ఒక్కరోజు సాంచా దేవుడు. దేవుడి ముందు చెప్పులు వేసుకోరు. నేల కడుగుతారు. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి, రెండు అరచేతులూ ఇనుముకు ఆనిస్తారు. మోటార్లు బంద్ ఉంటాయి కాబట్టి ఏం కాదనుకుంటారు. కానీ కరెంటు మోటార్ల నుంచి రావట్లేదు. లైట్ల నుంచి వస్తోంది, మైకు నుంచి వస్తోంది. ఏడాదిలో అవి అన్నీ ఒక్కసారి వెలిగే రోజు ఇదే. పండుగ పూట గుంతకు నీళ్లు పోసే తీరిక కూడా ఎవరికీ ఉండదు.

దేవదాస్‌కు కొట్టింది. ఎత్తలేదు. ఓంప్రకాశ్‌కు కొట్టింది. ఎత్తలేదు. మైకు మోతలో ఎవడు వింటాడు? నిన్న మీటర్ ఫొటో పంపిన నంబరు గుర్తొచ్చింది. కావ్య. నాలుగోసారి మోగాక ఎత్తింది.

“అక్కా! హ్యాపీ దస...”

“కావ్యా, మాట్లాడకు, ఇను. మీ బాపమ్మ ఏడున్నది?”

“సాంచా కాడికి పోతుంది. అయ్యగారు గంట గొడుతుండు. ఏమైందక్కా?”

“నిన్నటి అంకె యాదున్నదా? నూట పద్దెనిమిది?”

నిన్న చదివింది ఆ పిల్లే. ఇంకో మాట అక్కరలేకపోయింది.

“చెప్పులు తొడుక్కో ముందు. ఎవ్వలేమన్నా ఇడువకు. కార్ఖాన మేన్ స్విచ్ దించు. చేత్తోని ముట్టకు, గది గూడ ఇనుప డబ్బనే. కట్టె ఏదన్న ఉన్నదా, పొడిది?”

“బట్ట కొలిచే గజం కట్టె...”

“ఉరుకు!”

ఫోన్ ఆపలేదు కావ్య. హుస్నా చెవికి మైకు పాట, గంట, రబ్బరు చెప్పులు తడి నేల మీద టపటపలాడే చప్పుడు. ఎవరిదో ఆడగొంతు, “అయ్యో, చెప్పులు!” ఓంప్రకాశ్ కేక, “కావ్యా! పోరీ, నెత్తి గిట్ల కరాబైందా? పూజల చెప్పులేంది!” గంట ఇంకా మోగుతోంది. హుస్నాకు అబ్బా వంకర వేళ్లు కళ్ల ముందు కనిపించాయి.

టక్.

మైకు మధ్యలోనే తెగిపోయింది.

“దించిన అక్కా.” కావ్య ఏడుస్తోంది.

“బాపమ్మ?”

“సాంచా ముంగట నిలవడ్డది. చేతులు లేపింది. పెట్టలే... ఇంకా పెట్టలే.”

*

తర్వాత ఫోన్‌లోకి వచ్చింది ఓంప్రకాశ్.

“ఏమ్మా, మంచిగ పని జేస్తివని ఇంట్ల కూసోవెట్టి చాయ తాపితిమి. మా పూజనే ఆపుతవా? మేమొచ్చి మీ పండుగ పూట కరెంటు తీసేస్తె ఊకుంటరా మీరు?”

“మా పండుగల మీ అవ్వ ఇనుము ముట్టది అన్నా. ఇయ్యాల ముట్టుతది. నేను వస్తున్న. గంటసేపు ఆగు. నేను జెప్పింది అబద్ధమైతే అందరి ముంగట చెప్పుతోని కొట్టు.”

“ముహూర్తం నీకోసం ఆగుతదా? హనుమండ్లూ, మేన్ ఎత్తురా!” అని ఒక పనివాణ్ని కేకేశాడు.

అప్పుడు శంకరవ్వ గొంతు వినిపించింది. దూరంగా, నెమ్మదిగా. “ఎత్తినోని చెయ్యి ఇరగ్గొడ్త.”

స్కూటీ మీద నలభై నిమిషాలు. దారంతా ఊళ్లలో మైకులే, తోరణాలే. హుస్నా చేరేసరికి శంకరవ్వ మేన్ స్విచ్ కింద స్టూల్ వేసుకుని కూర్చుంది, ఒళ్లో గజం కట్టె. ముందు పనివాళ్లు గుంపుగా నిలబడ్డారు, కొందరు గొణుగుతున్నారు. అయ్యగారు చూసి చూసి, నైవేద్యం కంప్యూటర్ ముందే పెట్టించి వెళ్లిపోయాడు. ఓంప్రకాశ్ హుస్నా ముఖం చూడలేదు.

“నిన్న గుంతల పోస్తుంటే బిందె చేతులకెల్లి జారింది బిడ్డా,” అంది శంకరవ్వ. “మోచేతుల దాక తిమ్మిరి. ముసలితనం అనుకున్న. నా కోడండ్లకు గూడ జెప్పలే, పనిల కెళ్లి తీసేస్తరని.”

హుస్నా సంచిలోంచి చిన్న బల్బు తీసింది, పదిహేను వాట్లది, హోల్డరుకు రెండు పొడవాటి తీగలు. ఒక తీగను ఇంటి వైపు బోర్డులో న్యూట్రల్‌కు కలిపింది. ఇంకోటి తెచ్చి మొదటి సాంచా ఇనుప కాలుకు చుట్టింది. అదే సాంచా, పసుపు రాసి, దండ వేసి ఉన్నది.

“అందరు చెప్పులు తొడుక్కోన్రి. ఎవ్వలు దేన్ని ముట్టకున్రి. హనుమండ్లన్నా, దీని మోటార్ బందే గద?”

“బందే. నేనే బంద్ జేసిన.”

“అవ్వా, ఇప్పుడు ఎత్తు.”

శంకరవ్వ కట్టెతో మేన్ పైకి నెట్టింది. మైకు తెగిపోయిన చోటు నుంచే మళ్లీ అందుకుంది. సీరియల్ లైట్లు వెలిగాయి. వాటితో పాటే, నడవని మోటారున్న, ఏ స్విచ్చూ వేయని ఆ సాంచా కాలు దగ్గర బల్బు కూడా వెలిగింది. ముందు నిప్పు కణికలా ఎర్రగా, తర్వాత నారింజ రంగులో, నిలకడగా.

ఒకడు తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు.

“పూజల అవ్వ చేతులు గిక్కడ ఉంటుండె,” అంది హుస్నా బల్బును చూపిస్తూ. “కాళ్లు గీ నీళ్లల్ల. మూడేండ్లసంది మీరు గుంతకు నీళ్లు తాపుతున్నరు గద, గిందుకే.”

ఓంప్రకాశ్ గోడకు ఆనించిన పలక ఒకటి తీసి కింద పెట్టి, దాని మీద కూలబడ్డాడు. “మూడు దసరాలు...” అన్నాడు. “మూడు దసరాలు మా అవ్వనే ముందుగాల...”

“పోయిన మూడేండ్లు పండుగనాడు వాన ఉండె,” అన్నాడు దేవదాస్ మెల్లగా. “నేల తడిగుండె. ఈసారే ఎండలు.”

అంతే తేడా. ఆ వాన ఒక్కటే తేడా.

శంకరవ్వ మేన్ దించింది. బల్బు ఆరింది. మైకు ఆగింది. కార్ఖానాలో అంత నిశ్శబ్దం ఎన్నడూ ఉండలేదేమో, గోడ మీది బల్లి చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, గోడ అవతల నుంచి, గంట.

అయ్యగారు పక్క కార్ఖానాకు పోయాడు. ఈ వాడలో ఆయన వరసబెట్టి ఒక్కో కార్ఖానా చేసుకుంటూ పోతాడు.

శంకరవ్వ తలెత్తింది. “ఓంప్రకాశూ, పక్కోళ్ల గుంత ఎవ్వలు కలిపిన్రురా?”

ఓంప్రకాశ్ పలక మీంచి లేచాడు. చెప్పనక్కరలేదు, నిన్ననే చెప్పాడు. వాడలో అందరికీ కలిపింది సిద్దిరాములే.

కావ్య గజం కట్టె లాక్కుని అప్పటికే ఉరికింది. హుస్నా ఆమె వెనక. ఆ వెనక పనివాళ్లు, అరుచుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ. పక్క కార్ఖానా గడపకు కొత్త మామిడాకులు కట్టి ఉన్నాయి. కడిగిన నీళ్లు ఇంకా గడప దాటి వీధిలోకి పారుతున్నాయి. ఆ నీళ్ల పక్కన, పొడి జాగా చూసి, వరసగా పేర్చిన చెప్పులు. పెద్దవి, చిన్నవి. ఒక జత మరీ చిన్నది.

లోపల మైకు అప్పుడే పాట అందుకుంది. గంట వేగం పెరిగింది.